ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో వెళ్లిపోయేవారి విషయంలో ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కూకట్‌పల్లిలో ఒక చిన్న బృందంగా, అయిదుగురితో అయిదుగురు తలపడే మొబైల్ ఆటను తయారుచేస్తున్నారు. పరీక్షా దశలో ర్యాంక్డ్ మ్యాచ్‌లు (గెలుపోటములతో ర్యాంకు మారేవి) నాలుగింటిలో ఒకటి, ఎవరో ఒకరు మధ్యలో వెళ్లిపోవడం వల్ల చెడిపోతోంది. అందుకని మూడుసార్లు అలా వెళ్లినవారి ఖాతాను శాశ్వతంగా మూసేయాలా, వారి పేర్లను ఆటలో అందరికీ కనిపించేలా పెట్టాలా అని అడిగారు. రెండూ వద్దనే నా సలహా. మాదాపూర్‌లో కొన్నేళ్లపాటు మ్యాచ్‌మేకింగ్ (ఎవరితో ఎవరు ఆడాలో కుదిర్చే) పని చూసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ వ్యవస్థను రూపొందించేవారు వెళ్లిపోయినవాడికి ఏ శిక్ష వేయాలన్న ఆలోచనకంటే ముందు, మిగిలిపోయిన నలుగురి సంగతి తేల్చాలి.

మొదట మీ అంకెనే చూద్దాం. నాలుగు మ్యాచ్‌లలో ఒకటి చెడుతోందంటే ఆటగాళ్లలో పెద్ద సంఖ్యలో బాధ్యతలేనివారు ఉన్నారని అనిపించడం సహజమే గానీ, లెక్క వేరే మాట చెబుతుంది. ఒక మ్యాచ్‌లో పదిమంది ఉంటారు. ఒక్కొక్కరు మధ్యలో తప్పుకునే అవకాశం నూటికి 2.8 మాత్రమే అయినా, పదిమందీ చివరిదాకా నిలిచే అవకాశం నూటికి 75కి పడిపోతుంది. అంటే మీ సగటు ఆటగాడు దాదాపు 35 మ్యాచ్‌లకు ఒకసారి తప్పుకుంటున్నాడన్నమాట. రోజుకు అయిదు మ్యాచ్‌లు ఆడేవాడికి అది వారానికి ఒకసారి. కరెంటు పోవడమో, ఫోన్ రావడమో, తలుపు తట్టడమో, అమ్మ భోజనానికి మూడోసారి పిలవడమో వారానికి ఒక్కసారైనా జరగని ఇల్లు ఉంటుందా? ఈ లెక్కనే మీ మూడుసార్ల నియమానికి వర్తింపజేస్తే, 105 మ్యాచ్‌ల దగ్గర, అంటే నెల తిరగకుండానే, ఏ దురుద్దేశమూ లేని సగటు ఆటగాడి ఖాతా మూతపడుతుంది. నిజానికి అందరూ సగటు మనుషులు కారు. కొద్దిమంది పదేపదే వెళ్లిపోతారు, ఎక్కువమంది అరుదుగా తప్పుకుంటారు. అయినా, పాతవాటిని ఎన్నటికీ మరిచిపోని నియమానికి అందరికంటే ముందు దొరికేది మీ ఆటను అందరికంటే ఎక్కువగా ఆడేవారే.

ఇదే లెక్కలో ఆటగాళ్లకు చెప్పదగిన ఊరట కూడా ఒకటి ఉంది. మీరు ఎన్నడూ వదిలి వెళ్లనివారైతే, మీ జట్టులో తప్పుకునే అవకాశం ఉన్నవారు నలుగురు, ఎదుటి జట్టులో అయిదుగురు. కాబట్టి ఎక్కువ మ్యాచ్‌ల మీద చూస్తే, వెళ్లిపోయేవారి వల్ల మీకు జరిగే నష్టంకంటే లాభమే కాస్త ఎక్కువ. అయితే ఈ మాట లెక్కల్లో ఎంత నిజమైనా, రాత్రి పదకొండుకు నలుగురితో అయిదుగురి మీద ఇరవై నిమిషాలు పోరాడి ఓడినవాడికి చెప్పి చూడండి, వినడు. అతని బాధ రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) గురించి కాదు, వృథా అయిన సమయం గురించి. ఆ సమయాన్ని కాపాడటం మీ చేతిలో ఉంది.

అందులో అన్నిటికంటే తేలికైనది ఆరంభంలోనే ఒకరు లేకపోవడం. లోడింగ్‌లోనే ఆగిపోయినవారు, మొదటి నిమిషంలోనే మాయమైనవారు ఉన్న మ్యాచ్‌ను రద్దు చేయడమే సరైన పని. లీగ్ ఆఫ్ లెజెండ్స్, వాలరెంట్ అనే ఆటలు రెండింటిలోనూ ఇందుకు రీమేక్ అనే ఏర్పాటు ఉంది: తొలి దశలోనే ఒకరు కనిపించకపోతే మిగిలినవారు ఓటు వేసి మ్యాచ్‌ను ముగించుకోవచ్చు, వారి పాయింట్లు పోవు, వెళ్లినవాడికి మాత్రం శిక్ష ఉంటుంది. మీ ఆటలో మొదటి రెండు నిమిషాలలో జరిగే నిష్క్రమణలు ఎన్నో ముందు లెక్క తీయించండి. నేను చూసినంతవరకు వాటి వాటా చిన్నది కాదు. ఈ ఒక్క ఏర్పాటుతోనే ఫిర్యాదులు కంటికి కనిపించేలా తగ్గుతాయి.

మధ్యలో తెగిపోయేవారి విషయం అంత సులువు కాదు. ఇక్కడ మీ సాంకేతిక బృందం గుర్తించవలసిన సంగతి ఒకటుంది. యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా సమాచారం పంపే పద్ధతి) మీద నడిచే ఆటలో, కోపంతో ఆటను బలవంతంగా మూసేసినవాడూ, ఇంట్లో కరెంటు పోయి రౌటర్ ఆరిపోయినవాడూ సర్వర్‌కు ఒకేలా కనిపిస్తారు; రెండు సందర్భాలలోనూ వీడ్కోలు సందేశం ఏదీ రాదు, రావలసిన ప్యాకెట్లు (సమాచారపు చిన్న ముక్కలు) రావడం మానేస్తాయి, అంతే. మెనూలోకి వెళ్లి బయటకు వెళ్లే మీట నొక్కినవాడు ఒక్కడే స్పష్టంగా తెలుస్తాడు, తెలివైనవాడు ఆ మీటను నొక్కడు. కనుక ఒక్క మ్యాచ్‌ను చూసి ఒకరి ఉద్దేశాన్ని నిర్ణయించే ప్రయత్నం చేయకండి.

దానికి బదులు, తిరిగి రావడాన్ని వీలైనంత సులువు చేయండి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది, కానీ దాని మీద ఉండేవి ఫ్యాన్లు, లైట్లు. ఫైబర్ పెట్టె మాత్రం టీవీ వెనకున్న మామూలు ప్లగ్గుకే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన రాగానే కరెంటు పోతుంది, వైఫై పోతుంది, ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. ఆ మారిన క్షణంలో ఫోన్ ఐపీ చిరునామా మారుతుంది. మీ సర్వర్ ఆటగాడిని ఐపీ చిరునామా, పోర్టు ఆధారంగా గుర్తిస్తున్నట్లయితే, అతను ఇంకా ఆడుతూనే ఉన్నా మీ లెక్కలో వెళ్లిపోయినవాడే. ప్రతి సెషన్‌కూ ఒక గుర్తింపు టోకెన్ ఇచ్చి, చిరునామా మారినా అదే ఆటగాడిగా స్వీకరించాలి. 2021లో ప్రామాణికమైన క్విక్ అనే సమాచార ప్రసార ప్రోటోకాల్‌లో కనెక్షన్‌కు ప్రత్యేకంగా ఒక గుర్తింపు ఉండటానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి. మీరు సొంతంగా యూడీపీ మీద రాసుకున్నా ఆ పద్ధతిని అనుసరించడం కష్టం కాదు.

ఇక రెండోది, తిరిగి చేరడానికి పట్టే సమయం. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఒక కాల్ వస్తే ఆండ్రాయిడ్ ఆటను మెమరీ నుంచి తీసేయవచ్చు. కాల్ ముగించి వచ్చినవాడు ఆటను మొదటినుంచి తెరవాలి, ప్రకటన చూడాలి, లాబీలోకి (మ్యాచ్‌కు ముందుండే తెరకు) రావాలి, అక్కడ తిరిగి చేరే మీటను వెతుక్కోవాలి. దీనికి రెండు నిమిషాలు పడితే ఆ లోపు మ్యాచ్ చేయిజారుతుంది. చేయిజారిన మ్యాచ్‌లోకి తిరిగి రావాలన్న ఉత్సాహం ఎవరికీ ఉండదు. ఆట తెరవగానే ప్రకటనలు, బహుమతుల తెరలు అన్నీ పక్కనపెట్టి నేరుగా మ్యాచ్‌లోకి తీసుకెళ్లాలి. మార్కెటింగ్ చూసేవారు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పించండి. డోటా 2 అనే ఆటలో కనెక్షన్ తెగినవారికి తిరిగి రావడానికి 5 నిమిషాల గడువు ఉంది, పైగా ఆటను కాసేపు ఆపే వీలూ ఉంది. కానీ అది అరగంట దాటి సాగే కంప్యూటర్ ఆట. పన్నెండు, పదిహేను నిమిషాల మొబైల్ మ్యాచ్‌లో ఆపే సదుపాయం నడవదు. గడువు రెండు నిమిషాలు చాలు.

మూడోది మరీ చిన్నది, కానీ ఎవరూ పట్టించుకోరు: మ్యాచ్ కోసం క్యూలో చేరకముందే ఫోన్ నెట్‌వర్క్‌ను పరీక్షించడం. మీ సర్వర్ ముంబైలో ఉన్నా చెన్నైలో ఉన్నా, హైదరాబాద్‌కు గగనమార్గంలో 700 కిలోమీటర్ల లోపే. ఫైబర్‌లో అంత దూరం వెళ్లి రావడానికి కాంతికి 7 మిల్లీసెకన్లు చాలు, దారి మళ్లింపులు కలిపినా పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) సమస్య కాకూడదు. ఇక్కడ సమస్య పింగ్ సగటు కాదు, నిలకడ. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా వెళ్లేవాడి ఫోన్ దారి పొడవునా టవర్లు మారుతుంది. గత అరనిమిషంలో ప్యాకెట్లు పోతున్నాయని తెలిసినప్పుడు, ఇప్పుడు ర్యాంక్డ్ వద్దు, మామూలు మ్యాచ్ ఆడండి అని ఒక మాట చూపించండి. అడ్డుకోనక్కరలేదు, చెబితే చాలు. మీ ఆటలో పిల్లలకు రోజువారీ సమయ పరిమితి ఉంటే దాన్ని కూడా ఇక్కడే చూసుకోవాలి. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టింది, అలాంటి నియమం మీరూ పెడితే మ్యాచ్ మధ్యలో గడువు తీరి మీరే ఆటగాడిని బయటకు పంపే పరిస్థితి రాకూడదు.

ఒక్క మ్యాచ్‌తో ఉద్దేశం తెలియదన్నాను, కానీ చాలా మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది. కరెంటుకు స్కోరు తెలియదు. నిజంగా నెట్ సమస్య ఉన్నవాడు గెలుస్తున్నప్పుడూ తెగిపోతాడు, ఓడుతున్నప్పుడూ తెగిపోతాడు. కోపంతో వెళ్లేవాడు మాత్రం ఓడుతున్నప్పుడే వెళ్తాడు. ఆడిన సమయంలో సగం వెనకబడి ఉండే ఒక ఆటగాడికి పది డిస్‌కనెక్టులు ఉండి, పదికి పదీ వెనకబడి ఉన్నప్పుడే జరిగితే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 1024లో ఒకటి. అయితే బలహీనుడైన ఆటగాడు ఎక్కువసేపు వెనకబడే ఉంటాడు కనుక, అతని డిస్‌కనెక్టులను అందరి సగటుతో కాక, అతను వెనకబడి గడిపిన సమయపు వాటాతోనే పోల్చాలి. దీనికి తోడు మరో రెండు గుర్తులు ఉన్నాయి. తెగిన తరువాత తిరిగి రావడానికి ప్రయత్నించాడా, లేక అదే నిమిషంలో మరో మ్యాచ్ కోసం క్యూలో నిలబడ్డాడా? అదే సమయంలో అదే నెట్ సంస్థకు చెందిన మరికొంతమంది కూడా తెగిపోయారా? ఒకే సంస్థ నెట్‌వర్క్ మీద ఉన్న ఇరవైమంది ఒకే నిమిషంలో మాయమైతే అది ఆటగాళ్ల తప్పు కానేకాదు. ఆ నిష్క్రమణలన్నిటినీ ఎవరూ అడగకముందే రికార్డులోంచి తొలగించాలి. మీ సొంత సర్వర్ పడిపోయినప్పుడూ అంతే.

ఇప్పుడు శిక్ష గురించి. చిన్నదైనా తప్పకుండా, వెంటనే పడే శిక్ష పెద్దదై అప్పుడప్పుడూ పడే శిక్షకంటే బాగా పనిచేస్తుంది. ఇళ్లలో ఆడే పదమూడు ముక్కల పేకాటనే చూడండి: మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో డ్రాప్ అయితే 40, ఫుల్లు పడితే 80. తప్పుకోవడానికి వీలుంది, కానీ దాని వెల ఎంతో ముక్కలు పంచకముందే అందరికీ తెలుసు, ఎంత ఆలస్యమైతే అంత ఖరీదు. కౌంటర్-స్ట్రైక్ అనే ఆట పోటీ మ్యాచ్‌లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇలాంటిదే: మొదటిసారి 30 నిమిషాల విరామం, తరువాత 2 గంటలు, ఆపైన 24 గంటలు, చివరికి 7 రోజులు, కొంతకాలం సక్రమంగా ఉంటే మెట్లు మళ్లీ కిందికి దిగుతాయి. మీ ఆట మ్యాచ్ నిడివి తక్కువ కనుక మొదటి మెట్టు అయిదు, పది నిమిషాలు ఉన్నా సరిపోతుంది. అది శిక్షలా కాక, నెట్ సరిచేసుకోవడానికి ఇచ్చిన వ్యవధిలా అనిపించాలి. పై మెట్ల దగ్గర మాత్రం మెతకదనం వద్దు. ఓడుతున్నప్పుడే వెళ్లే అలవాటు రుజువైనవారిని త్వరగా మెట్లు ఎక్కించండి, నెట్ సమస్యలా కనిపించేవారిని నెమ్మదిగా. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఉన్నట్లు, పదేపదే వెళ్లేవారు కొన్ని మామూలు మ్యాచ్‌లు పూర్తిగా ఆడి చూపిస్తేనే ర్యాంక్డ్ తలుపు మళ్లీ తెరుచుకునే నియమం నాకు అన్నిటికంటే నచ్చినది, ఎందుకంటే అందులో కూర్చుని గడువు లెక్కపెట్టడం ఉండదు, చివరిదాకా ఆడటమే విడుదల.

డోటా 2 తరహాలో ఇలాంటివారినందరినీ ఒక ప్రత్యేక క్యూలో వేసి, కొన్ని మ్యాచ్‌లు గెలిస్తేగాని బయటకు రానివ్వని పద్ధతిని చిన్న ఆటకు నేను సిఫారసు చేయను. దానికి లక్షలలో ఆటగాళ్లు కావాలి. పరీక్షా దశలో ఉన్న మీకు ఆ క్యూలో పదిమంది దొరకడానికే అరగంట పడుతుంది. శాశ్వత నిషేధం సంగతి కూడా అంతే: ఉచితంగా దొరికే ఆటలో కొత్త ఖాతా తెరవడం రెండు నిమిషాల పని. డోటా 2 వారు 2017లో ర్యాంక్డ్ ఆడటానికి ఫోన్ నంబరు తప్పనిసరి చేశారు, అది కొంత ఉపయోగమే, కానీ మన ఇళ్లలో నాన్న నంబరు, అక్క నంబరు, పాత సిమ్ అన్నీ ఓటీపీకి సిద్ధంగానే ఉంటాయి. నిషేధించినవాడు కొత్త పేరుతో కింది స్థాయిలోకి వచ్చి కొత్తవారి ఆట చెడగొట్టడంకంటే, తెలిసిన ఖాతాతో పై స్థాయిలోనే కట్టడిలో ఉండటం మేలు.

రేటింగ్ విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఎక్కువ ఆటలు ఇక్కడే తడబడతాయి. చదరంగం కోసం అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతిలోనైనా, దాని తరువాత వచ్చిన వాటిలోనైనా, ఫలితం ఇద్దరి సామర్థ్యాన్ని కొలుస్తుందన్నదే పునాది. నలుగురు అయిదుగురితో ఓడిన మ్యాచ్ ఆ కొలత ఇవ్వదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ లైవ్ కోసం తయారుచేసిన ట్రూస్కిల్‌లో, ఒక ఆటగాడు మ్యాచ్‌లో ఎంత భాగం ఆడాడో ఆ నిష్పత్తిలోనే అతని వాటాను లెక్కించే వీలుంది. మీరు రెండు అంకెలు వేరుగా ఉంచుకోండి: ప్రత్యర్థులను ఎంచడానికి వాడే కనిపించని రేటింగ్ ఒకటి, తెర మీద కనిపించే పాయింట్లు మరొకటి. మొదటిదాన్ని చెడిన మ్యాచ్‌లలో చాలా తక్కువగా కదిలించండి. రెండోదానిలో దయ చూపవచ్చు, కానీ లెక్క చూసుకోవాలి. మామూలుగా గెలిచిన అయిదుగురికి 20 చొప్పున 100 పాయింట్లు వస్తే, ఓడినవారికి 100 పోతాయి. మిగిలిన నలుగురి నష్టాన్ని 10కి తగ్గిస్తే 40 పోతాయి. వెళ్లిపోయినవాడి దగ్గర 40 తీసుకున్నా మొత్తం 80 మాత్రమే, అంటే అలాంటి ప్రతి మ్యాచ్‌కూ 20 పాయింట్లు వ్యవస్థలోకి కొత్తగా చేరుతున్నాయి. నాలుగు మ్యాచ్‌లలో ఒకటి ఇలా జరిగే ఆటలో ఒక సీజన్ తిరిగేసరికి అందరూ పై ర్యాంకుల్లో గుమిగూడతారు. వెళ్లినవాడి దగ్గర 60 తీసుకుంటే లెక్క సరిపోతుంది. అది కరెంటు పోయినవాడికి అన్యాయంగా అనిపిస్తే, సీజన్ చివర పాయింట్లను దించే నియమంతోనైనా సరిచేసుకోవచ్చు. గెలిచినవారి పాయింట్లు మాత్రం తగ్గించకండి, వారు ఏ తప్పూ చేయలేదు.

నలుగురి నష్టాన్ని సగానికి తగ్గించమన్నాను గాని పూర్తిగా మాఫీ చేయమనలేదు, దానికి కారణం ఉంది. పూర్తి మాఫీ పెట్టిన మరునాటి నుంచే స్నేహితుల జట్లు ఒక పనికిరాని ఖాతాను వెంట తెచ్చుకుంటాయి. మ్యాచ్ పోతున్నదని తెలియగానే ఆ ఖాతావాడు బయటకు వెళ్లిపోతాడు, మిగిలిన నలుగురి పాయింట్లూ భద్రం. కాబట్టి వెళ్లినవాడితో కలిసి పార్టీగా క్యూలో చేరినవారికి ఏ తగ్గింపూ ఉండకూడదు. ఇంతకంటే నాకు బాధ కలిగించేది రెండోది: పరిచయం లేని నలుగురు కలిసి, ఆట సరిగా రాని అయిదోవాడిని చాట్‌లో తిట్టి, నువ్వు పో, మా పాయింట్లైనా మిగులుతాయి అని తరిమేయడం. మాఫీ ఎంత పెద్దదైతే ఈ ఒత్తిడి అంత పెరుగుతుంది. వెళ్లిపోయే ముందు రెండు నిమిషాలలో అతనికి వచ్చిన సందేశాల గురించి ఫిర్యాదు ఉంటే దాన్ని మనిషి చదవాలి. మిగతా అన్నీ యంత్రానికి వదిలినా ఇది వదలకండి.

శిక్షలు పెరిగేకొద్దీ వచ్చే మరో చిక్కు, వెళ్లకుండా ఉండి ఆడకపోవడం. బేస్‌లో (తమ జట్టు స్థావరంలో) నిలబడిపోవడం, గుండ్రంగా తిరగడం, కావాలని చనిపోవడం. డోటా 2లో 5 నిమిషాలపాటు అనుభవ పాయింట్లు ఏమీ రాకపోతే వదిలి వెళ్లినట్లే లెక్క; కేవలం కదలికను చూడటంకంటే ఇది నయమైన కొలత, ఎందుకంటే తెర మీద వేలు అటూ ఇటూ ఆడించడం ఎవరికైనా సాధ్యమే. అయినా ఈ పోకడకు అసలు మందు గౌరవంగా ముగించే దారి ఇవ్వడం. ఓటమి ఒప్పుకునే ఓటు ఉండాలి, జట్టులో ఒకరు శాశ్వతంగా తగ్గారని తేలిన తరువాత ఆ ఓటు సాధారణ మెజారిటీతోనే నెగ్గాలి. బాట్‌ను (కంప్యూటరే ఆడించే ఆటగాడిని) పెట్టడం గురించి మీ బృందంలో చర్చ ఉంటే, కౌంటర్-స్ట్రైక్‌లో ఒకప్పుడు వెళ్లినవాడి స్థానంలో బాట్ వచ్చేదని, తరువాత పోటీ మ్యాచ్‌లలోంచి దాన్ని తీసేశారని గుర్తుంచుకోండి. మామూలు మ్యాచ్‌లలో పెట్టండి, ర్యాంక్డ్‌లో వద్దు.

ఇక పేర్లు బయటపెట్టడం. ఇది మరీ ప్రమాదకరం. మీ ఆటగాళ్లలో చాలామంది కాలేజీ, స్కూలు పిల్లలు, ఒకే హాస్టల్‌లో, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. తెర మీది పేరు వెనక ఎవరున్నారో చుట్టూ ఉన్నవారికి తెలుసు. ఆటగాళ్లు కోరుకునేది పేరు కాదు, తమ ఫిర్యాదు వృథా కాలేదన్న కబురు. ఫిర్యాదు చేసినవారికి మాత్రమే, మీరు తెలిపిన ఆటగాడిపై చర్య తీసుకున్నాం అని పేరు లేకుండా ఒక వాక్యం పంపండి. వెళ్లినవాడికి పంపే సందేశంలో కూడా నిందించే మాటలు వద్దు. మ్యాచ్ ముగియకముందే మీ కనెక్షన్ ఆగింది, మరో 10 నిమిషాల తరువాత ర్యాంక్డ్ ఆడవచ్చు, మళ్లీ జరిగితే వ్యవధి 1 గంట అవుతుంది అని సంఖ్యలతో సహా చెప్పండి. ఈ శిక్షలన్నిటినీ మొదటి నెల అమలు చేయకుండా లెక్క మాత్రమే వేసి చూడండి: ఏ మెట్టు మీద ఎంతమంది ఉండేవారో, అందులో గెలుస్తూ తెగిపోయినవారు ఎందరో తేలిన తరువాత గడువులను సవరించి, కొత్త సీజన్ మొదటి రోజు నుంచి అమల్లో పెట్టండి.